చర్మ కణాలతో అండాలు, చర్మ కణాలకు యవ్వనం: అసలు ఈ ఫైబ్రోబ్లాస్ట్ కణాల కథేంటి?

2025 సెప్టెంబరు చివర్లో ఒక వార్త ఫోన్లన్నీ చుట్టేసింది. అమెరికాలోని ఒరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు మనిషి చర్మ కణాల నుంచి అండాలు తయారుచేశారట. అంతకు ముందు 2022లో ఇంగ్లండ్‌లోని బాబ్రహం ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 53 ఏళ్ల మహిళ చర్మ కణాల వయసును 30 ఏళ్లు వెనక్కి తిప్పారని చదివాం. ఈ మధ్యలో ఫేస్ క్రీముల ప్రకటనలు ఎలాగూ ఉన్నాయి, "ల్యాబ్‌లో మనిషి చర్మ కణాల మీద పరీక్షించాం, కొలాజెన్ పెరిగింది" అంటూ. ఇవన్నీ చదివాక చాలామందికి వచ్చే అనుమానాలు దాదాపు ఒకటే: చర్మం ఎక్కడి నుంచి తెస్తారు, ఎవరిది, అది సీసాలో బతుకుతుందా, బతికితే దాని మీద కనిపెట్టిన సంగతి మన ఒంటికి వర్తిస్తుందా?

వీటికి జవాబులు ఉన్నాయి. కాకపోతే కాస్త కింది నుంచి మొదలుపెట్టాలి.

చర్మంలో ఈ కణం ఎక్కడుంటుంది

చర్మం అనగానే మనం తాకే పైపొర గుర్తొస్తుంది. దాని పేరు ఎపిడెర్మిస్, అందులో ఉండేవి ఎక్కువగా కెరటినోసైట్లు. ఫైబ్రోబ్లాస్టులు ఉండేది దాని కింద, డెర్మిస్ అనే మందపాటి పొరలో. సన్నగా, రెండు చివర్లా కోసుగా, కదురు ఆకారంలో ఉంటాయి. చర్మానికి బిగువు, సాగే గుణం, తేమ ఇచ్చే కొలాజెన్, ఎలాస్టిన్, హైలురోనిక్ ఆమ్లం లాంటివి తయారుచేసి చుట్టూ పరిచేది ఇవే. గాయమైనప్పుడు ఆ చోటికి చేరి పూడ్చేదీ ఇవే. ఆ పని మోతాదు మించితే గట్టి మచ్చలు, కీలాయిడ్లు వస్తాయి.

అయితే ల్యాబులకు ఇవి ఇంత ఇష్టం కావడానికి కారణం చర్మానికి సంబంధించింది కానేకాదు. చర్మాన్ని తీసుకోవడం తేలిక, ఈ కణాలను పెంచడం తేలిక. మెదడు ముక్కో గుండె ముక్కో అడగలేం కదా! పైగా ఒక మనిషి ఒంట్లోని కణాలన్నిటిలో దాదాపు ఒకే డీఎన్ఏ ఉంటుంది కాబట్టి, కాలేయంలోనో మెదడులోనో బయటపడే జన్యులోపం చర్మ కణంలో కూడా రాసే ఉంటుంది. ఫైబ్రోబ్లాస్ట్ విలువంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడింది. దాని ఇబ్బందులు కూడా ఇక్కడి నుంచే మొదలవుతాయి.

మూడు మిల్లీమీటర్ల ముక్క నుంచి సీసా దాకా

సాధారణంగా చేతి పైభాగంలో, లోపలి వైపు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, గుండ్రటి చిన్న బ్లేడుతో 3, 4 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క తీస్తారు. దీన్ని పంచ్ బయాప్సీ అంటారు. ఒక కుట్టు పడొచ్చు, పడకపోవచ్చు. ఆ ముక్కను ఇంకా చిన్నచిన్న తునకలు చేసి ప్లాస్టిక్ డిష్‌లో అతుక్కునేలా పెట్టి, పైన గులాబీ రంగు ద్రవాన్ని పోస్తారు. అందులో చక్కెర, అమైనో ఆమ్లాలు, విటమిన్లు, వాటితోపాటు సాధారణంగా పది శాతం దాకా సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఉంటాయి. తర్వాత 37 డిగ్రీల వేడి, ఐదు శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే ఇంక్యుబేటర్‌లోకి తోస్తారు.

కొన్ని రోజులు ఏమీ కనిపించదు. తర్వాత మైక్రోస్కోపులో చూస్తే తునక అంచు నుంచి ముందు కెరటినోసైట్లు రాళ్లు పరిచినట్టు బయటకు వస్తాయి, వాటి వెనక కదురు లాంటి ఫైబ్రోబ్లాస్టులు మొదట ఒకటీ అరా, ఆపైన గుంపులుగా అన్ని దిక్కులా పాకుతాయి. ఈ ద్రవం కెరటినోసైట్లకు పెద్దగా పడదు కాబట్టి అవి క్రమంగా తగ్గిపోయి ఫైబ్రోబ్లాస్టులే మిగులుతాయి. నాలుగు నుంచి ఆరు వారాల్లో పనికొచ్చేన్ని కణాలు తయారవుతాయి.

డిష్ నిండిపోయాక ట్రిప్సిన్ అనే ఎంజైముతో కణాలను ఊడదీసి, కొన్నింటిని కొత్త డిష్‌లోకి మారుస్తారు. నిన్నటి పెరుగులోంచి చెంచాడు తీసి కొత్త పాలకు తోడేసినట్టే. దీన్ని పాసేజ్ అంటారు, ఒక్కో మార్పుకు ఒక్కో అంకె: పి1, పి2, పి3. మిగతా వాటిని ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర దాస్తారు. ఏళ్ల తర్వాత తీసి కరిగించినా మళ్లీ పెరుగుతాయి.

ఇలా నేరుగా మనిషి నుంచి తీసి, ఏ మార్పూ చేయకుండా పెంచినవి ప్రైమరీ కణాలు. తరచూ వినిపించే హీలా కణాలు వేరే జాతి. అవి 1951లో హెన్రియెటా ల్యాక్స్ అనే మహిళ క్యాన్సర్ గడ్డ నుంచి వచ్చాయి, అంతులేకుండా విభజన చెందుతూనే ఉంటాయి, క్రోమోజోముల లెక్క కూడా మామూలు మనిషిది కాదు. ఆరోగ్యవంతుడి కణం ఎలా ప్రవర్తిస్తుందో చూడాలంటే హీలా సరిపోదు, ఫైబ్రోబ్లాస్ట్ కావాలి.

చర్మ కణానికి కొలెస్ట్రాల్‌తో ఏం పని?

మాటల్లో చెప్పేకంటే ఒక ప్రయోగాన్ని దగ్గరగా చూస్తే ఈ కణాల సత్తా బాగా తెలుస్తుంది. నా మటుకు నాకు జీవశాస్త్రంలో ఇంత అందమైన తర్కం ఇంకోటి అరుదుగా కనిపించింది.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉంటుంది. చిన్నప్పుడే గుండెపోటు వస్తుంది. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే లోపమున్న జన్యువు వస్తే తీవ్రత కాస్త తక్కువ, అలాంటివాళ్లు దాదాపు 250 మందిలో ఒకరుంటారు. ఇద్దరి నుంచీ వస్తే చాలా ప్రమాదం. 1970లలో అమెరికాలోని డల్లాస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు దీని వెంట పడ్డారు. కాలేయం మీద ప్రయోగాలు చేయలేరు కాబట్టి చర్మం తీసుకున్నారు.

మన కణాలు కొలెస్ట్రాల్‌ను సొంతంగా తయారుచేసుకుంటాయి. ఆ తయారీని నడిపించే ఎంజైము పేరు హెచ్ఎంజీ-కోఏ రిడక్టేజ్. ఆరోగ్యవంతుల ఫైబ్రోబ్లాస్టుల చుట్టూ ఎల్‌డీఎల్ (అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకెళ్లే రేణువులు) ఉన్నప్పుడు ఆ ఎంజైము తగ్గిపోయింది. బయట దొరుకుతుంటే లోపల ఎందుకు చేసుకోవడం అన్న లెక్క. ఎల్‌డీఎల్ తీసేస్తే ఎంజైము పెరిగింది. రోగి కణాల్లో మాత్రం ఎల్‌డీఎల్ ఎంత పోసినా ఎంజైము తగ్గలేదు, తయారీ ఆగలేదు.

ఇక్కడ రెండు వివరణలు సాధ్యం. ఒకటి, లోపలి బ్రేకే చెడిపోయి ఉండాలి. రెండు, బ్రేకు బాగానే ఉంది, కానీ బయట కొలెస్ట్రాల్ ఉందన్న కబురు లోపలికి చేరడం లేదు. ఏది నిజమో తేల్చడానికి వాళ్లు కొలెస్ట్రాల్‌ను ఆల్కహాల్‌లో కరిగించి నేరుగా పోశారు. అలా పోస్తే ఎల్‌డీఎల్ రేణువు సాయం లేకుండానే కొలెస్ట్రాల్ కణంలోకి వెళ్తుంది. రోగి కణాల్లో కూడా వెంటనే ఎంజైము తగ్గిపోయింది! అంటే బ్రేకు బాగానే ఉంది, లోపం తలుపు దగ్గరుంది. తర్వాత రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన ఎల్‌డీఎల్‌తో చూస్తే, మామూలు కణాల పైపొరకు అది గట్టిగా అతుక్కుంది, తీవ్రమైన రోగుల కణాలకు అతుక్కోలేదు. ఆ తలుపే ఎల్‌డీఎల్ రిసెప్టర్. 1985లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈరోజు ఊరూరా మందుల షాపుల్లో అమ్మే స్టాటిన్లు అడ్డుకునేది అదే రిడక్టేజ్ ఎంజైమును, అప్పుడు కాలేయ కణాలు ఎల్‌డీఎల్ రిసెప్టర్లను పెంచుకుని రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాగేసుకుంటాయి.

రెండు జబ్బుల కణాలను కలిపి పెంచితే

ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఊళ్లకు దగ్గర సంగతి. హర్లర్, హంటర్ అనే రెండు జబ్బుల్లో పిల్లల కణాల్లో కొన్ని పొడవాటి చక్కెర గొలుసులు అరగకుండా పేరుకుపోతాయి. ముఖం మొరటుబారుతుంది, కీళ్లు బిగుసుకుంటాయి, కాలేయం ఉబ్బుతుంది. 1968లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో ఎలిజబెత్ న్యూఫెల్డ్ బృందం హర్లర్ పిల్లల ఫైబ్రోబ్లాస్టులనూ హంటర్ పిల్లల ఫైబ్రోబ్లాస్టులనూ ఒకే డిష్‌లో కలిపి పెంచింది. పేరుకుపోవడం రెండింటిలోనూ సర్దుకుంది. ఒకదానికి లేనిది రెండోది ఇచ్చింది. కణాలు తాకనక్కర్లేదు కూడా, ఒకటి పెరిగిన ద్రవాన్ని రెండోదాని మీద పోసినా చాలు.

దీని నుంచి రెండు విషయాలు తేలాయి. రెండు జబ్బుల్లో లోపించింది వేర్వేరు పదార్థాలు. అంతకంటే ముఖ్యంగా, ఆ పదార్థాన్ని బయటి నుంచి ఇచ్చినా కణం లోపలికి తీసుకుంటుంది. లోపించిన ఎంజైమును సెలైన్ ద్వారా ఎక్కించే వైద్యానికి పునాది ఇదే. హర్లర్ జబ్బుకు అలాంటి మందు 2003లో, హంటర్‌కు 2006లో అమెరికాలో అనుమతి పొందాయి. దగ్గరి సంబంధాలు, మేనరికాలు ఎక్కువున్న చోట హర్లర్ లాంటి జబ్బుల అవకాశం పెరుగుతుంది, కారణం తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఒకే లోపమున్న జన్యువు ఉండే వీలు ఎక్కువ. (హంటర్ వేరు, అది తల్లి వైపు ఎక్స్ క్రోమోజోము మీద వస్తుంది.) అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల సంస్థ), నిమ్స్ ఆస్పత్రి కలిసి ఇలాంటి జబ్బులకు ఒక కేంద్రంగా పనిచేస్తున్నాయి.

ఈ కణాలకూ ఆయుష్షు ఉంది

1912 నుంచి అలెక్సిస్ కారెల్ అనే నోబెల్ గ్రహీత కోడిపిల్ల గుండె కణాలు తన ల్యాబ్‌లో అంతులేకుండా పెరుగుతున్నాయని చెప్పాడు, ప్రపంచం నమ్మింది. 1961లో లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ దాన్ని తిరగదోడారు. మనిషి పిండం ఫైబ్రోబ్లాస్టులు సుమారు 40 నుంచి 60 సార్లు రెట్టింపయ్యాక ఆగిపోతాయని చూపించారు. మధ్యలో ఫ్రీజ్ చేసి బయటికి తీస్తే ఆగిన లెక్క దగ్గర నుంచే మళ్లీ కొనసాగుతాయి తప్ప కొత్తగా మొదలుపెట్టవు. తర్వాత తెలిసిన కారణం, క్రోమోజోముల చివర్లలో ఉండే టెలోమియర్లు ప్రతి విభజనకూ కొంచెం అరుగుతాయి. 1998లో టెలోమరేజ్ (టెలోమియర్లను తిరిగి పొడిగించే ఎంజైము) జన్యువును ఫైబ్రోబ్లాస్టుల్లో పెడితే ఆ హద్దు దాటేశాయి.

50 రెట్టింపులంటే తక్కువేం కాదు. ఒక్క కణం అన్నిసార్లు రెట్టింపైతే వెయ్యి లక్షల కోట్లకు పైగా కణాలు. కాబట్టి సమస్య సంఖ్యలో లేదు, అలిసిపోయిన కణం వేరేగా ప్రవర్తించడంలో ఉంది. వెడల్పుగా బల్లపరుపుగా అయిపోతుంది, వాపు కలిగించే పదార్థాలు వదులుతుంది, కొలాజెన్‌ను కొరికే ఎంజైములు పెంచుతుంది.

ఇక్కడ తరచూ పడే గందరగోళం పాసేజ్ అంకెతో వస్తుంది. ఒక ల్యాబ్‌లో డిష్ నిండినప్పుడల్లా సగం కణాలను కొత్త డిష్‌లో వేస్తారనుకోండి, మళ్లీ నిండడానికి ఒక రెట్టింపు చాలు. ఇంకో ల్యాబ్‌లో ఎనిమిదో వంతే వేస్తారు, నిండడానికి మూడు రెట్టింపులు కావాలి. ఎనిమిది పాసేజ్‌లయ్యాక ఇద్దరూ "పి8" అనే రాస్తారు. మొదటి వాళ్ల కణాలు 8 సార్లు రెట్టింపైతే రెండో వాళ్లవి 24 సార్లు. లేబుల్ ఒకటే, వయసు మూడింతలు తేడా. అందుకే మంచి పరిశోధనా పత్రాల్లో పాసేజ్‌తోపాటు రెట్టింపుల లెక్క కూడా ఇస్తారు.

సీసా మీద రాసిన మిగతా వివరాలు

ల్యాబులు చాలావరకు కణాలను సొంతంగా తీయవు, కొనుక్కుంటాయి. ఒక సీసాలో సాధారణంగా ఐదు లక్షల కణాలు ఉంటాయి. హెచ్‌డీఎఫ్ అంటే హ్యూమన్ డెర్మల్ ఫైబ్రోబ్లాస్ట్, అంటే మనిషి చర్మపు ఫైబ్రోబ్లాస్ట్; హెచ్‌డీఎఫ్-ఎన్ అని ఉంటే అప్పుడే పుట్టిన బిడ్డవి, ఎక్కువగా సున్తీ చేసినప్పుడు తీసిన చర్మం నుంచి వచ్చినవి. హెచ్‌డీఎఫ్-ఎ అంటే పెద్దవాళ్లవి, పొట్ట కొవ్వు తగ్గించే సర్జరీలోనో రొమ్ము సర్జరీలోనో మిగిలిన చర్మం నుంచి తీసినవి. పసికందు కణాలు చురుగ్గా పెరుగుతాయి కాబట్టి చాలామంది వాటినే వాడతారు. కానీ వయసు మీద పడ్డాక వచ్చే ముడతల గురించి మాట్లాడుతూ పసికందు కణాలు చూపిస్తే అనుమానించాల్సిందే.

ఒంట్లో ఏ చోటి నుంచి తీశారన్నదీ ముఖ్యమే. స్టాన్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధన 2002లో చూపించిందేమంటే, వేర్వేరు చోట్ల నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టులు డిష్‌లో ఒకేలా పెంచినా తమ చోటును మర్చిపోవు, హాక్స్ అనే జన్యువుల పనితీరు చూసి ఏది ఎక్కడిదో పోల్చుకోవచ్చు. ఒకరి పొట్ట చర్మాన్ని ఇంకొకరి చేతి చర్మంతో పోల్చి "ఇది జబ్బు వల్ల వచ్చిన తేడా" అంటే, అది చోటు వల్ల వచ్చిన తేడా కూడా కావచ్చు.

టీకాల గురించి ఒక మాట. "టీకాల్లో పిండం చర్మం వాడతారు" అని తిరిగే మెసేజ్‌లు పొరపాటు. రుబెల్లా టీకా వైరస్‌ను పెంచే డబ్ల్యూఐ-38, ఎంఆర్‌సీ-5 అనే కణాలు 1960లలో తీసిన పిండం ఊపిరితిత్తుల ఫైబ్రోబ్లాస్టులు. అప్పటి నుంచి వాటినే పెంచుతూ వాడుతున్నారు, ప్రతిసారీ కొత్త పిండం అక్కర్లేదు. దీని మీద నైతిక అభ్యంతరం ఉన్నవాళ్లూ ఉన్నారు, అది వాళ్ల నమ్మకానికి సంబంధించింది, కానీ వాస్తవం మాత్రం ఇది.

యవ్వనం, అండాలు: వార్తల్లో ఎంత నిజం

2007లో జపాన్‌లో షిన్యా యమనాకా పెద్దవాళ్ల చర్మ ఫైబ్రోబ్లాస్టుల్లో నాలుగు జన్యువులు పెట్టి, ఏ కణంగానైనా మారగల మూలకణాలుగా తిప్పేశారు. వీటినే ఐపీఎస్ కణాలంటారు. ఈ పనికి 2012లో జాన్ గర్డన్‌తో కలిసి నోబెల్ పొందారు. ఇప్పుడు పార్కిన్సన్స్ రోగి చేతి చర్మం నుంచి అదే రోగి జన్యువులున్న మెదడు కణాలు తయారుచేయొచ్చు. చిక్కేమిటంటే, మూలకణంగా మారేటప్పుడు వయసు గుర్తులు చెరిగిపోతాయి. ముసలితనంలో వచ్చే జబ్బును కొత్తగా పుట్టిన కణంలో వెతకాల్సి వస్తుంది.

బాబ్రహం బృందం ఆ ఇబ్బందినే తిప్పి వాడుకుంది. పూర్తిగా మార్చడానికి 50 రోజుల దాకా పడితే, వాళ్లు 13 రోజులకే ఆపేశారు. కణాలు ఫైబ్రోబ్లాస్టులుగానే మిగిలాయి, డీఎన్ఏ మీది రసాయన గుర్తుల లెక్కలో మాత్రం సుమారు 30 ఏళ్లు తగ్గాయి, కొలాజెన్ ఎక్కువ చేశాయి. తగ్గింది డిష్‌లో కణాల వయసు, ఆ మహిళది కాదు. వాడిన నాలుగు జన్యువుల్లో ఒకటి క్యాన్సర్‌కు దారితీసేది కాబట్టి దీన్ని మనుషుల మీద ప్రయోగించే దశకు ఇంకా చాలా దూరం.

ఒరెగాన్ వార్తలో జరిగింది వేరు. చర్మ కణంలోని కేంద్రకాన్ని తీసి, తన కేంద్రకం తొలగించిన దాత అండంలో పెట్టారు. కాబట్టి దాత అండం లేకుండా ఏదీ జరగలేదు. చర్మ కణంలో 46 క్రోమోజోములుంటాయి, అండంలో 23 ఉండాలి. సగం వదిలేసేలా చేశారు గానీ ఏ సగం పోవాలన్నది గుడ్డిగా జరిగింది. 82 అండాలు తయారయ్యాయి, ఫలదీకరణ తర్వాత సుమారు 9 శాతమే ఆరో రోజు దశకు చేరాయి, వాటిలోనూ క్రోమోజోముల తేడాలున్నాయి. సాధ్యమేనని చూపించిన తొలి అడుగు, నిజంగా పెద్ద విషయం. కానీ పిల్లల కోసం ఎదురుచూస్తున్న దంపతులు ఈ వార్త పట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగితే మాత్రం బాధే మిగులుతుంది.

డిష్‌లో పనిచేసింది, ముఖం మీద పనిచేస్తుందా?

క్రీము ప్రకటనకు వద్దాం. డిష్‌లో ఫైబ్రోబ్లాస్టుల మీద మందు నేరుగా పడుతుంది. ముఖం మీద రాస్తే ముందు ఎపిడెర్మిస్ దాటాలి. దాని పై మృతకణాల పొర పెద్ద అణువులను రానివ్వదు, సుమారు 500 డాల్టన్లకు (డాల్టన్ అంటే అణువు బరువును కొలిచే ప్రమాణం) మించినవి దాటడం కష్టమని చర్మ నిపుణులు వాడే ఒక లెక్క. కొన్ని క్రీముల్లో చెప్పుకునే గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాలను పెరగమని ప్రేరేపించే ప్రొటీన్లు) వేల డాల్టన్ల బరువుంటాయి. అందుకని డిష్‌లో కొలాజెన్ పెరగడం అబద్ధం కాకపోయినా, ముఖం గురించి అది రుజువు చేసేది చాలా తక్కువ.

ఇదే వాదన జంతువుల ప్రయోగాల మీద చర్చలోనూ వస్తుంది. మన దేశం 2014లోనే కాస్మెటిక్స్‌కు జంతువుల మీద పరీక్షలు ఆపింది, 2023లో కొత్త మందుల నిబంధనలు సవరించి మనిషి కణాల ఆధారిత పద్ధతులకు కూడా చోటిచ్చింది. ఎలుక చర్మం మనిషి చర్మం కాదు, మనిషి కణం మీదే చూడాలనేవాళ్ల మాటలో బలముంది. ప్లాస్టిక్ మీద పరిచిన ఒంటరి కణంలో రక్తం లేదు, రోగనిరోధక కణాలు లేవు, కాలేయం లేదు, గట్టి ప్లాస్టిక్ తగలడమే దాని నడవడిని మార్చేస్తుందనే వాళ్ల మాటా నిజమే. రెండు పక్షాలూ కొంత ఒప్పుకునేది, కొలాజెన్ జెల్‌లో కణాలు పెట్టి పైన కెరటినోసైట్లు పేర్చిన కృత్రిమ చర్మం. అది చర్మానికి దగ్గర, మొత్తం శరీరానికి కాదు.

సీరం విషయం కూడా దాచకూడదు. ఎక్కువ ల్యాబులు వాడేది వధశాలలో గర్భంతో ఉన్న ఆవుల నుంచి తీసిన దూడ పిండాల రక్తం. జంతువుల్ని తప్పించడానికని పెట్టుకున్న ప్రయోగంలోనే అది ఉంటుంది. మనిషి ప్లేట్‌లెట్ల నుంచి చేసినవి, సీరం లేని ద్రవాలు వస్తున్నాయి, ఖరీదు ఎక్కువ.

ఎవరి చర్మం, ఎవరి హక్కు

1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు జాన్ మూర్ అనే రోగి వేసిన కేసులో, ఒంటి నుంచి తీసేసిన కణాల మీద రోగికి ఆస్తి హక్కు లేదంది, కానీ డాక్టర్ తన పరిశోధనా ప్రయోజనం ముందే చెప్పి తీరాలంది. ఇటు హీలా కణాలతో లాభం పొందుతున్నారని హెన్రియెటా ల్యాక్స్ వారసులు దావా వేస్తే 2023లో థర్మో ఫిషర్ కంపెనీ వాళ్లతో రాజీకి వచ్చింది. ప్రతి దాతకూ లాభంలో వాటా అంటే పరిశోధన ఆగిపోతుందని శాస్త్రవేత్తలంటారు. సీసా అమ్మి కంపెనీ సంపాదిస్తుంటే ఇచ్చినవాళ్లకు కనీసం తెలియకపోవడం అన్యాయమని ఎదుటి వాదన. నాకు రెండోదే ఎక్కువ న్యాయంగా కనిపిస్తుంది, ముఖ్యంగా పసిబిడ్డ తరఫున వేరేవాళ్లు సంతకం పెట్టినప్పుడు. మన దగ్గర ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం పేర్లు తొలగించిన మిగులు నమూనాల విషయంలో దాత సమ్మతి అవసరం లేదని ఎథిక్స్ కమిటీ మినహాయింపు ఇవ్వొచ్చు.

జన్యు రిపోర్టు తేల్చనప్పుడు

ఇప్పుడు జన్యు పరీక్ష రక్తంతోనే అయిపోతోంది కదా, చర్మం ఎందుకని అడుగుతారు. ఆ రిపోర్టుల్లో తరచూ "ఈ మార్పు అర్థం ఇంకా తెలియదు" అని వస్తుంది, తల్లిదండ్రులు ఆ కాగితం పట్టుకుని టెన్షన్ పడతారు. డీఎన్ఏలో అక్షరం మారిందని తెలుసు, దాని వల్ల కణంలో పని చెడిందో లేదో తెలియదు. అక్కడ ఫైబ్రోబ్లాస్ట్ అక్కరకొస్తుంది: కణాన్ని పెంచి, ఆ జన్యువు నుంచి ఆర్ఎన్ఏ (జన్యువు సమాచారానికి కణం తీసుకునే నకలు) సరిగ్గా వస్తోందా, ఎంజైము పనిచేస్తోందా అని నేరుగా చూస్తారు. 2017లో జర్మనీ పరిశోధకులు, మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) జబ్బు అనుమానమున్నా జన్యు పరీక్షలో ఏదీ తేలని 48 మంది ఫైబ్రోబ్లాస్టుల ఆర్ఎన్ఏ చదివి ఐదుగురికి కారణం చెప్పగలిగారు. మిగతా 43 మందికి చెప్పలేకపోయారు. చర్మ కణం అన్ని జన్యువులనూ వాడదు, మెదడులోనే పనిచేసే జన్యువు ఫైబ్రోబ్లాస్టులో నిశ్శబ్దంగా ఉంటే అక్కడ ఎంత వెతికినా దొరకదు. అలాంటప్పుడు ఆ చర్మాన్నే ఐపీఎస్ కణాలుగా, వాటిని మెదడు కణాలుగా మార్చి చూడాలి, దానికి నెలలు పడుతుంది, ఖర్చు చాలా ఎక్కువ.